ఎముకల లెక్క, 4వ పాఠం: ముక్క వేరు, పశువు వేరు

పోయినసారి రోమన్ సరిహద్దు కోట కందకంలో దొరికినట్టుగా ఒక ఊహా పట్టిక ఇచ్చాను: ఆవు ఎముక ముక్కలు 60, గొర్రెవి 20. చాలామంది "సైనికులు మూడు ఆవులకు ఒక గొర్రె చొప్పున తిన్నారు" అని రాశారు. ఈ వారం పంది ఎముకలు మొదలుపెడదామనుకున్నాను. ఇది సరిచేసుకోకుండా ముందుకు వెళ్లలేం.

ఆవు కాలి ఎముకను మూలుగ కోసం పగలగొడితే పది ముక్కలవుతుంది. గొర్రెది రెండు దెబ్బలతో సరి. ముక్కలు లెక్కపెడితే ఆవులే పెరుగుతాయి. అందుకని ఒకే ఎముక, ఒకే వైపు, ఒకే కొస పట్టుకోండి. నేనెప్పుడూ పిక్క ఎముక కింది కొసనే తీసుకుంటాను. గట్టిది, కుక్కలు కొరికినా మిగులుతుంది. మన పట్టికలో అలాంటి ఎడమ కొసలు ఆవువి 3, గొర్రెవి 4, కుడివి అంతకంటే తక్కువ అనుకోండి. అంటే కనీసం 3 ఆవులు, 4 గొర్రెలు. కుడి, ఎడమ కలిపి కూడకండి. ఆ రెండూ ఒకే పశువువి కావచ్చు.

అయితే గొర్రె మాంసమే ఎక్కువ తిన్నారా? కాదు. ఒక్క ఆవు ఏడెనిమిది గొర్రెల పెట్టు అని నేను వేసుకునే అంచనా. ముక్కలు, పశువులు, మాంసం: మూడూ మూడు లెక్కలు.

ఆవు జబ్బ ఎముక పలక దొరికితే వెలుతురుకి పట్టి చూడండి. మధ్యలో చిల్లు ఉంటే, ఉప్పు పెట్టో పొగ పెట్టో కొక్కేనికి వేలాడదీసిన మాంసమన్నమాట. రోమన్ సైనిక స్థావరాల్లో ఇవి తరచూ కనిపిస్తాయి.

ఎముకలు చెప్పనివీ ఉన్నాయి. ఉత్తర ఇంగ్లండులోని విండోలాండా కోటలో దొరికిన చెక్క పలక మీద, కోట అధికారి ఇంటికి తేవాల్సిన సరుకుల్లో 20 కోళ్లు, 100 ఆపిల్ పళ్లు, ధర సరిగా ఉంటే 100 లేదా 200 గుడ్లు అని రాసి ఉంది. గుడ్డుకు ఎముక ఉండదు. కోడి ఎముకలైతే మట్టి జల్లెడ పట్టకపోతే చాలావరకు చేతికి రావు. స్కాట్లండులోని బేర్స్‌డెన్ కోట కందకంలోని మరుగుదొడ్డి మట్టిలో గోధుమ పొట్టు బాగా దొరికింది. మాంసం తిన్నా, కడుపు నింపింది ధాన్యమే.

అభ్యాసం: ఈ ఆదివారం మటన్ వండితే ఎముకలన్నీ కడిగి ఆరబెట్టండి, చిన్న పెళ్లతో సహా. ముక్కలెన్ని? ఏది కుడి, ఏది ఎడమ? కనీసం ఎన్ని మేకలు? కొట్టువాడు రెండు మేకల మాంసం కలిపి ఇచ్చాడేమో ఎముకలతోనే రుజువు చేసి రాయండి.