పార్కిన్సన్స్‌లో ఆయాసం: ముందు మాత్ర వేసిన టైమ్ చూడండి

పార్కిన్సన్స్ (వణుకు, కండరాల బిగుతు తెచ్చే మెదడు జబ్బు) ఉన్నవాళ్లు ఆయాసమని ఈసీజీ, ఎకో, ఎక్స్‌రే అన్నీ తీయించి ఫైలు మోసుకొస్తారు. ఈ జబ్బుకి ఇచ్చే ముఖ్యమైన మందు లెవోడోపా మాత్ర చివరిసారి ఎన్నింటికి వేశారని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఉన్నట్టుండి వచ్చిన ఆయాసం, ఛాతీ నొప్పి, జ్వరం, పెదాలు నీలబడటం, ఒక కాలు వాయడం ఉంటే మాత్ర లెక్కలు పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. గుండె, ఊపిరితిత్తులు బాగున్నాయని తేలాక కూడా మిగిలే ఆయాసం గురించే ఇదంతా.

గాలి చాలట్లేదంటారు, ఆక్సీమీటర్‌లో 97 ఉంటుంది

వెంటనే ‘టెన్షన్’ అనేస్తారు. కొన్నిసార్లు అసలు సంగతి మాత్ర పని అయిపోవడం. లెవోడోపా రక్తంలో సగానికి తగ్గడానికి గంటన్నర చాలు. జబ్బు ముదిరేకొద్దీ మెదడు దాన్ని నిల్వ ఉంచుకోలేదు. మందు ప్రభావం తగ్గగానే కాళ్లూ చేతుల్లాగే ఛాతీ కండరాలూ బిగుస్తాయి. కంగారు కూడా అప్పుడే పుడుతుంది, అందుకే టెన్షన్ అంటే అందరూ నమ్మేస్తారు. కొందరిలో వణుకు కంటే ముందే ఆయాసం మొదలవుతుంది, అక్కడే బోల్తా పడతాం.

నాలుగు రోజులు కాగితం మీద రాయండి: మాత్ర, భోజనం, ఆయాసం మొదలైన టైమ్, తగ్గిన టైమ్. 8కి మాత్ర, 11:30కి ఆయాసం, 12కి మళ్లీ మాత్ర, 12:45కి హాయి. రోజూ ఇదే వరసైతే దొంగ దొరికినట్టే. ఆ కాగితం న్యూరాలజిస్ట్‌కి చూపిస్తే మాత్రల మధ్య ఎడం తగ్గిస్తారు, లేదా మరో మందు జోడిస్తారు. సొంతంగా పెంచొద్దు. హఠాత్తుగా ఆపడం ఇంకా ప్రమాదం. మాత్ర భోజనానికి అరగంట ముందు గానీ గంట తర్వాత గానీ వేయండి, మాంసకృత్తులు దాన్ని లోపలికి పోనివ్వవు. మలబద్ధకం ఉన్నా మందు ఆలస్యంగా ఎక్కుతుంది.

మాత్ర వేసిన గంటకి ఆయాసం

ఇది తిరగేసిన కథ. ఒళ్లు ఊగుతూ, ఊపిరి లయ తప్పి గబగబా ఆడుతుంటే మందు ఎక్కువైందేమో అనుకోవాలి. ఆయాసమని మరో మాత్ర వేస్తే మరింత ముదురుతుంది.

తిన్నాక దగ్గు, గొంతులో గరగర

తిండి, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారుతున్నాయేమో. దగ్గు రాకుండా కూడా జారొచ్చు. నిమోనియా మళ్లీ మళ్లీ వస్తుంటే మింగడాన్ని పరీక్ష చేయించండి. నిటారుగా కూర్చోబెట్టి కొద్దికొద్దిగా తినిపించండి.

బ్రోమోక్రిప్టిన్, కాబెర్గోలిన్ లాంటి పార్కిన్సన్స్ పాత మందులతో ఊపిరితిత్తులు గట్టిపడటం అరుదు. వాడుతుంటే డాక్టర్‌కి చెప్పండి, చాలు. రాత్రి నిద్రలో ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు కీచుమంటుంటే ఫోన్‌లో రికార్డ్ చేసి తీసుకెళ్లండి, అది పార్కిన్సన్స్ కాక దాన్ని పోలిన మరో జబ్బు కావచ్చు.