నెట్‌ట్రెక్‌లో గ్రహాన్ని పట్టడం ఎలా?

ఇంటర్నెట్‌లో రెండు జట్లు అంతరిక్ష ఓడలతో తలపడే ఆట నెట్‌ట్రెక్. దానిలోకి కొత్తగా వచ్చినవాళ్లలో చాలామంది కనిపించిన ప్రతి ఓడ వెంటా పడతారు. టార్పెడోలు గుమ్మరించి, రెండు కిల్స్ (ఎదుటి ఓడల్ని పేల్చిన లెక్క) రాగానే తెగ సంబరపడిపోతారు. గెలిపించేది మాత్రం గ్రహాలు, వాటిని పట్టాలంటే ఆర్మీల్ని, అంటే సైన్యాన్ని, ఓడలో మోసుకెళ్లి అక్కడ దించాలి. కబడ్డీలో ఎంతమందిని తాకినా గీత దగ్గరికి తిరిగి రాకపోతే పాయింట్ ఎక్కడిది?

బర్కిలీలో ఎక్స్‌ట్రెక్ అనే పాత ఆట ఆధారంగా కెవిన్ స్మిత్, స్కాట్ సిల్వీ 1988లో రాసిన ఆట ఇది. జట్టుకు ఎనిమిది మంది చొప్పున 16 మంది, మొత్తం 40 గ్రహాలు. క్లయింట్ (ఆట ప్రోగ్రామ్) డౌన్‌లోడ్ చేసుకుని సర్వర్ పేరు ఇస్తే చాలు, పోర్ట్ మామూలుగా 2592. మూడు బటన్ల మౌస్ ఉండాల్సిందే: ఎడమది టార్పెడో, మధ్యది ఫేజర్ (కిరణాయుధం), కుడిది దిశ. టచ్‌ప్యాడ్‌తో వచ్చేవాళ్లతో నేను ఆడను.

ఓడల రకాల్లో నేను ఎంచుకునేది క్రూయిజరే. అసాల్ట్ షిప్ 20 ఆర్మీలు మోస్తుంది, నిజమే. కానీ దాని ఆయుధాలు బలహీనం, పైగా వేగం వార్ప్ 8 దాటదు. దారిలో ఎవడైనా అడ్డొస్తే కొట్లాడలేని ఓడ నాకెందుకు? స్కౌట్ సంగతి అడగకండి, దానిలో రెండు ఆర్మీలే పడతాయి.

క్రూయిజర్‌కి ఒక్కో కిల్‌కి రెండు ఆర్మీలు ఎక్కించుకునే వీలుంటుంది. మూడు కిల్స్ వచ్చేదాకా ఓపిక పట్టండి. ఆ తర్వాత నాలుగు కంటే ఎక్కువ ఆర్మీలున్న మన గ్రహం దగ్గరికెళ్లి, కీబోర్డు మీద ‘ఓ’ (O) కీతో కక్ష్యలో చేరి, ఆర్మీలు ఎక్కించుకోవడానికి జెడ్ నొక్కండి. ఆరు ఎక్కాక షిఫ్ట్ పట్టుకుని ఎఫ్ నొక్కితే ఆర్మీలు మోస్తున్నామని మన జట్టుకి కబురు వెళ్తుంది. ఈ కబురు చెప్పకుండా బయల్దేరేవాళ్లంటే నాకు ఒళ్లుమంట.

ఇక అసలు కష్టం, చివరి దూరం. అందరూ బోల్తా పడేది ఇక్కడే.

కిల్స్ ఉన్న ఓడ సొంత గ్రహం దగ్గర కాసేపు ఆగిందంటే ఎదుటివాడికి విషయం అర్థమైపోతుంది. తన ఓడ పోయినా ఫర్వాలేదనుకుని వచ్చి మీద పడతాడు. దీన్నే ఆగింగ్ అంటారు. (ఆగ్ అనే ఆడియో ఫైల్ ఫార్మాట్‌కి పేరు ఇక్కడి నుంచే వచ్చింది.) మీరు పేలిపోతే ఆర్మీలూ పోతాయి, కిల్స్ సున్నా అవుతాయి. అందుకే ఒంటరిగా వెళ్లకండి. ముందొకరు, పక్కనొకరు ఉండాలి. గ్రహం మీద నాలుగు కంటే ఎక్కువ ఆర్మీలుంటే వాళ్లే బాంబులేసి తగ్గించాలి. నాలుగుకి దిగాక బాంబులు పనిచేయవు.

బయల్దేరగానే క్లోక్ (ఓడను కనిపించకుండా చేసేది) వేసేస్తారు చాలామంది. వద్దు. క్లోక్ ఇంధనం తాగేస్తుంది, అది ఉన్నంతసేపూ ఆయుధం పేలదు. పైగా పెద్ద మ్యాపులో మీరు ప్రశ్నార్థకాలుగా కనిపిస్తూనే ఉంటారు. గ్రహం దగ్గరపడ్డాకే వేయండి, వేసిన వెంటనే దిశ మార్చండి. ఎల్ కీతో గ్రహానికి లాక్ చేస్తే ఓడ దానంతటదే వెళ్లి కక్ష్యలో చేరుతుంది. కానీ తిన్నగా వెళ్తుంది, ఎదుటివాడు ఆ గీత మీదే టార్పెడోలు పరుస్తాడు. చేత్తోనే నడపండి.

వార్ప్ 2 కంటే వేగంగా ఉంటే కక్ష్య దొరకదు. 9 మీద దూసుకొచ్చి ఓ, ఓ, ఓ అని కొడుతూ గ్రహాన్ని దాటిపోయేవాళ్లు రోజూ కనిపిస్తారు. ఓడ ఒక్కసారిగా ఆగదు, కాబట్టి ముందే 2 నొక్కండి. కక్ష్యలో చేరగానే ఆర్మీలు దించడానికి ఎక్స్. ఆ క్షణమే షీల్డ్ దిగిపోతుంది, దెబ్బలన్నీ నేరుగా ఓడకే తగులుతాయి, గ్రహం కూడా కాలుస్తుంది. టెన్షన్‌లో షీల్డ్ ఎత్తారో, పక్కవాడి మీదికి తిరిగారో, పని సగంలో ఆగిపోతుంది. ఆర్మీలు ఒక్కొక్కటిగా దిగుతుంటే చేతులు కట్టుకుని చూడాలి, అంతే. మొదటి నాలుగూ అక్కడున్న నాలుగింటినీ తుడిచేస్తాయి. అప్పటికి గ్రహం ఎవరిదీ కాదు. ఐదోది దిగితేనే మనది.

ఆరోదాన్నీ దించేయండి, దాచుకోవద్దు. రెండు ఆర్మీలున్న గ్రహాన్ని బాంబులతో ఏమీ చేయలేరు. తిరిగి పట్టాలంటే వాళ్లు మూడు మోసుకు రావాలి, అంటే క్రూయిజర్‌కి మళ్లీ రెండు కిల్స్ కావాలి.