కొత్త ఉప్పునీటి చేపల ట్యాంకు: ఇసుక మీద గోధుమ పొర, తొలి చేప తిప్పలు

ట్యాంకు పెట్టి మూడు వారాలు. పొద్దున్నే లైటు వేస్తే తెల్లటి ఇసుక మీద టీ డికాక్షన్ ఒలికినట్టు గోధుమ పొర. వేలితో రాస్తే పొడిలా లేచిపోతుంది, సాయంత్రానికి మళ్లీ అక్కడే. నా మొదటి ట్యాంకులో ఇది చూసి టెన్షన్ పడి షాపుకు పరిగెత్తాను. షాపాయన ఇచ్చిన పాచి మందు పోశాను. పొర పోయింది, దాంతో పాటు నాలుగు నత్తలూ పోయాయి. తర్వాత లేబుల్ చదివితే అందులో కాపర్ ఉంది. నత్తలకీ రొయ్యలకీ అది విషం, పైగా రాళ్లలోకి ఇంకితే ఓ పట్టాన వదలదు.

గోధుమ పొర

కారణం: డయాటమ్స్, అంటే కంటికి విడిగా కనిపించనంత చిన్న పాచి జీవులు. నీళ్లలో, కొత్త ఇసుకలో ఉండే సిలికేట్ అనే ఖనిజం వీటికి ఆహారం. కొత్త ట్యాంకుకి ఇది మామూలే. సిలికేట్ అయిపోతే కొన్ని వారాల్లో అదే తగ్గుతుంది.

రెండు నెలలైనా తగ్గకపోతే నీళ్లను అనుమానించండి. ఇంట్లో తాగే ఆర్వో మెషిన్లలో రుచి కోసం కాస్త బోరు నీళ్లు తిరిగి కలిపే స్క్రూ చాలావాటికి ఉంటుంది. నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూడండి. 80, 100 చూపిస్తుంటే ఆ నీళ్లు ట్యాంకుకి పనికిరావు. స్క్రూ పూర్తిగా మూసి, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గుళికల గుండా పంపి సున్నా దగ్గరికి తేవాలి.

పచ్చటి జుట్టులాంటి పాచి

కారణం: పాచికి ఎరువులా పనిచేసే నైట్రేట్, ఫాస్ఫేట్, పైగా ఎక్కువ వెలుతురు. మైపాడు, కొత్తపట్నం బీచ్‌ల నుంచి క్యాన్లలో సముద్రపు నీళ్లు తెచ్చుకునేవాళ్లు జాగ్రత్త. రొయ్యల గుంటల నీళ్లు వదిలే కాలవలకు దగ్గర్లో పట్టిన నీళ్లలో నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానలకు ఒడ్డున ఉప్పు కూడా పలచబడుతుంది. నా మాట వింటే ఆర్వో నీళ్లలో అక్వేరియం కోసం అమ్మే సముద్రపు ఉప్పు ప్యాకెట్ కలుపుకోవడమే మేలు.

పాచిని చేత్తో పీకేయండి. లైటు రోజుకి 6 నుంచి 8 గంటలు చాలు, కిటికీ ఎండ తగలనివ్వకండి. వారానికి 10 శాతం నీళ్లు మార్చండి.

ఎర్రగా జిగురుగా, బుడగలతో చాపలా లేస్తుంటే అది పాచి కాదు, సయనోబ్యాక్టీరియా అనే ఒక రకం బ్యాక్టీరియా. పైపుతో లాగేసి, ఆ మూలకు పంపు ప్రవాహం తిప్పండి.

చేప పైకొచ్చి గుటకలు వేస్తోంది

కారణం: చాలాసార్లు అమ్మోనియా, చేప వ్యర్థాల నుంచీ కుళ్లిన మేత నుంచీ వచ్చే విషం. నీళ్లు అద్దంలా ఉన్నాయి కదా అని రెండో వారంలోనే చేపలు వదిలాను. రొయ్యల గుంటలు చేసే మా మామకు చెబితే ఒకటే మాట: "ఏం అబ్బయ్యా, సీడు (రొయ్య పిల్లలు) వదిలే ముందు నీళ్లు టెస్టు చేయించకుండా వదులుతామా?"

నీళ్ల తేటదనం కంటికి కనిపిస్తుంది, అమ్మోనియా కనిపించదు. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర, అందులోనూ మన ఎండలకు నీళ్లు వేడెక్కితే దాని విషం ఇంకా పెరుగుతుంది. వెంటనే అదే ఉప్పు, అదే వేడి ఉన్న కొత్త నీళ్లతో పావు వంతు మార్చండి. గాలి పంపు పెట్టండి, మేత ఆపండి.

అసలు మందు ముందుచూపే. ఖాళీ ట్యాంకులో ఒక పచ్చి రొయ్య వేసి కుళ్లనివ్వండి. అమ్మోనియా పెరిగి, ట్యాంకులో పెరిగే మంచి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు. మొదటి రెండూ సున్నాకి దిగాకే చేప. టెస్ట్ కిట్, ఉప్పు కొలిచే సెలినిటీ మీటరు నెల్లూరు ఆక్వా షాపుల్లోనే దొరుకుతాయి. ఉప్పునీటికి పనికొచ్చే కిట్టేనా అని అడిగి తీసుకోండి.

ఉప్పు పెరిగిపోతోంది

మే నెలలో రోజూ నీటిమట్టం తగ్గుతుంది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. కాబట్టి ఉప్పు కలపని ఆర్వో నీళ్లే కలపాలి. నేను ఉప్పునీళ్లు కలుపుతూ, మీటరులో ఉప్పు సాంద్రత (స్పెసిఫిక్ గ్రావిటీ) 1.030 దాకా తీసుకెళ్లాను. ఉండాల్సింది 1.025.

తొలి చేప ఏది, ఎలా

హేచరీలో పుట్టిన చిన్న క్లౌన్ ఫిష్ జత. డామ్సెల్ అనే చిన్న చేప చవకే, కానీ తర్వాత వచ్చే ప్రతి చేపనీ తరుముతుంది. సీడు ప్యాకెట్లు గుంటలో తేలేసినట్టే చేప వచ్చిన కవరును ట్యాంకులో 20 నిమిషాలు తేలేయండి. తర్వాత చేపను దాని నీళ్లతో సహా బకెట్‌లోకి తీసి, సన్న ట్యూబుతో ట్యాంకు నీళ్లు చుక్కచుక్కగా ఓ గంట పడనివ్వండి. వలతో చేపను మాత్రమే వదలండి, కవరు నీళ్లు బయట పారబోయండి. ఆ రాత్రికి లైటు వద్దు. రెండో రకం చేప ఇంకో మూడు వారాల తర్వాత, అదీ కిట్ సున్నా చూపిస్తేనే.