మెడికల్ షాపు లైసెన్సు ఎలా తీసుకోవాలి? ముందు టేపు పట్టుకుని షట్టర్ కొలవండి

మందుల షాపు లైసెన్సుకు ఆధారం రెండే: గది, ఫార్మసిస్టు. ఈ రెండూ కుదరకముందే ఓనరుకు అడ్వాన్సు ఇచ్చి, రాకులు కొట్టించి, బోర్డు రాయించుకున్నవాళ్లే తర్వాత ఇరుక్కుంటారు. అందుకే పని ఈ వరసలో చేసుకోండి.

1. గది

1945 నాటి డ్రగ్స్ రూల్స్ ప్రకారం రిటైల్ షాపుకు కనీసం 10 చదరపు మీటర్ల స్థలం ఉండాలి. చదరపు అడుగుల్లో చెప్పాలంటే సుమారు 108. మన ఊళ్లలో ఎక్కడ చూసినా కనిపించే పది బై పది షట్టర్ 100 చదరపు అడుగులే కాబట్టి చాలదు. పది బై పదకొండు అయితే సరిపోతుంది. కాకపోతే ఓనరు చెప్పే కొలతలో గోడల మందం కూడా కలిసి ఉండొచ్చు. లోపలి గోడ నుంచి లోపలి గోడకు మీరే టేపు వేసి చూసుకోండి. ముందు అరుగును, మెట్ల కింద సందును లెక్కలో కలుపుకోవద్దు. అదే గదిలో హోల్‌సేల్ కూడా చేయాలనుకుంటే 15 చదరపు మీటర్లు కావాలి.

తర్వాత చూడాల్సింది డోర్ నంబరు. ఆస్తిపన్ను రసీదులో పాత నంబరు, కరెంటు బిల్లులో కొత్త నంబరు, అద్దె ఒప్పందంలో ఇంకేదో ఉంటే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. మూడింటిలోనూ ఒకే నంబరు ఉండేలా ముందే సరిచేయించండి. ఒప్పందం ఎంత కాలానికి రాసుకున్నా రిజిస్టర్ చేయించాల్సిందే. లైసెన్సు వచ్చేదాకా షాపు మూసే ఉంటుంది కాబట్టి, ఆ రోజులకు అద్దె తగ్గించమని ఒప్పందం రాసుకునే ముందే అడగండి. తర్వాత అడిగితే ఎవరూ వినరు.

2. ఫార్మసిస్టు

డి.ఫార్మసీ, బి.ఫార్మసీ పాసైతే చాలదు. రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ అమల్లో ఉండాలి. వేరే రాష్ట్రంలో నమోదైన వ్యక్తి అయితే ముందు ఇక్కడికి మార్పించుకోవాలి. ఇంతకుముందు ఇంకో షాపులో చేసి ఉంటే, అక్కడినుంచి రిలీవ్ అయినట్టు లెటరు తీసుకోండి. పాత లైసెన్సులో ఆ పేరు అలాగే ఉండిపోతే మీ దరఖాస్తు ముందుకు కదలదు.

సర్టిఫికెట్‌ను నెలకింత అని అద్దెకు తెచ్చి గోడకు తగిలించే పద్ధతి మన దగ్గర పాతదే. దాని జోలికి పోవద్దు. ప్రిస్క్రిప్షన్ మందులు ఫార్మసిస్టు స్వయంగా చూస్తుండగానే ఇవ్వాలన్నది రూలు. తనిఖీకి వచ్చిన రోజు మనిషి లేకపోతే లైసెన్సు సస్పెండ్ అయ్యే ప్రమాదం ఉంది.

3. దరఖాస్తు

రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖకు ఫారం 19లో దరఖాస్తు చేయాలి. మామూలు మందులకు ఫారం 20, ఇన్సులిన్, వ్యాక్సీన్లు, ఇంజెక్షన్లు ఉండే షెడ్యూల్ సి, సి(1) మందులకు ఫారం 21 లైసెన్సు ఇస్తారు. ఒక్కోదానికి ఫీజు రూ. 1,500. డబ్బు మిగులుతుందని 21 వదిలేస్తే ఇన్సులిన్ కోసం వచ్చినవాళ్లను పక్క షాపుకు పంపాల్సివస్తుంది. షెడ్యూల్ ఎక్స్ మందులకు, అంటే మత్తు, అలవాటు కలిగించే ప్రమాదం ఉన్న కొన్ని మందులకు, 20ఎఫ్ అని వేరే లైసెన్సు ఉంది. కొత్త షాపుకు సాధారణంగా దాని అవసరం రాదు.

జతచేయాల్సినవి: కొలతలు వేసిన గది ప్లాను, అద్దె ఒప్పందం, ఆస్తిపన్ను రసీదు, ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్, నియామక పత్రం, అంగీకార పత్రం, ఫ్రిజ్ బిల్లు. పార్ట్‌నర్‌షిప్ అయితే డీడ్ కూడా.

4. తనిఖీ

డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి రాకులు, కౌంటరు, నడుస్తున్న ఫ్రిజ్ ఉండాలి. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లదనం నిలవాలి. లోపల థర్మామీటరు పెట్టండి. నీళ్ల బాటిళ్లు, టిఫిన్ డబ్బాలు అందులో పెట్టొద్దు. గోడలకు చెమ్మ, నేరుగా పడే ఎండ ఉండకూడదు. పడమటి ముఖం షాపు అయితే సాయంత్రపు ఎండ సరిగ్గా రాకుల మీదే పడుతుంది, తెర కట్టించండి.

బోర్డు మీద రాసే మాటకూ రూలుంది. మందులు కలిపి తయారుచేసే ఏర్పాటు ఉంటేనే ఫార్మసీ అనాలి. అది లేకుండా ఫార్మసిస్టు మాత్రమే ఉన్న షాపును కెమిస్ట్స్ అండ్ డ్రగ్గిస్ట్స్ అని రాయించాలి.

లైసెన్సు చేతికి రాకముందు ఒక్క స్ట్రిప్పు కూడా అమ్మకండి, అమ్మకానికని నిల్వ పెట్టకండి. లైసెన్సు లేకుండా అమ్మితే 3 నుంచి 5 ఏళ్ల జైలు ఉంది. దాంతోపాటు కనీసం లక్ష రూపాయలు లేదా పట్టుబడ్డ సరుకు విలువకు మూడింతలు, ఏది ఎక్కువైతే అది జరిమానా పడుతుంది.

5. మిగతా అనుమతులు

మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు తీసుకోవాలి. షాపు తెరిచిన 30 రోజుల్లోపు 1988 షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద కార్మిక శాఖలో నమోదు మీ షాపుకు వర్తిస్తే చేయించాలి. జీఎస్టీ విషయంలో రెండు రాష్ట్రాలకూ తేడా ఉంది: సరుకు అమ్మేవాళ్లకు తెలంగాణలో ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే, ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. పిల్లల పాలపొడి, ప్రొటీన్ పౌడర్లు అమ్మేవాళ్లు ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతి కూడా తీసుకోవాలి. చాలామంది మర్చిపోయేది ఇదే.

6. లైసెన్సు వచ్చాక

దాన్ని అందరికీ కనిపించేచోట తగిలించండి. కొన్ని యాంటీబయాటిక్స్, టీబీ మందులలాంటివి ఉండే షెడ్యూల్ హెచ్1 మందులకు వేరే రిజిస్టరు పెట్టి, డాక్టరు పేరు, అడ్రసు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చారో రాసి 3 ఏళ్లు దాచాలి. ఫార్మసిస్టు మారితే నెలలోపు శాఖకు తెలపాలి. పార్ట్‌నర్లు మారితే పాత లైసెన్సు 3 నెలలే చెల్లుతుంది, ఆలోపు కొత్తది తీసుకోవాలి. షాపును పక్క షట్టర్‌లోకి మార్చినా మళ్లీ దరఖాస్తే.

లైసెన్సుకు గడువు ముగియడం అంటూ లేదు గానీ, అది కొనసాగడానికి ప్రతి 5 ఏళ్లకు రిటెన్షన్ ఫీజు కట్టాలి. ఆలస్యమైతే నెలకు 2 శాతం అదనం. ఆ వెసులుబాటు కూడా 6 నెలలే, ఆపైన లైసెన్సు రద్దయినట్టే లెక్క.