ట్రాలీల ప్రయోగంలో పోయిన ద్రవ్యవేగం దొరికింది

కావలిలో ఇంటర్ పిల్లలకు ట్రాలీల అభిఘాతం, అంటే ఒకదాన్నొకటి ఢీకొనడం, చూపిస్తున్నాను. 500 గ్రాముల ట్రాలీ సెకనుకు 0.50 మీటర్ల వేగంతో వెళ్లి, ఆగి ఉన్న అంతే బరువు ట్రాలీకి అతుక్కుంది. ద్రవ్యవేగం (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది) ఢీకి ముందూ తర్వాతా మారదన్న నియమం ప్రకారం రెండూ కలిసి 0.25తో కదలాలి. వచ్చింది 0.22. పన్నెండు శాతం తేడా! "సార్, నియమం తప్పా?" అని ఓ అమ్మాయి అడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు ఒక్క ట్రాలీనే తోసి చూశాను. ఏ ఢీ లేకుండానే రెండో ఫొటోగేట్ (ట్రాలీ కాంతిపుంజాన్ని దాటే సమయాన్ని కొలిచే పరికరం) దగ్గర వేగం తగ్గింది. అంటే ఘర్షణే. గేట్లు ఢీకొనే చోటికి చెరో 40 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి. పైగా అతుక్కున్నాక వేగం సగమే కాబట్టి, అంతే దూరానికి ఎక్కువసేపు పడుతుంది, ఘర్షణ ఇంకా ఎక్కువ వేగాన్ని తినేస్తుంది. ఇది నాకు ముందే తట్టాల్సింది.

ట్రాక్ ఒక కాలు కింద అట్టముక్కలు పెడుతూ, రెండు గేట్లలోనూ ఒకే సమయం వచ్చేదాకా వాలు సరిచేశాను. గేట్లను పది సెంటీమీటర్లకు జరిపాను. అతికించిన బంకమట్టినీ ట్రాలీలతో కలిపి తూచాను. ఫ్యాన్ ఆపేశాం, చెమటలు కారాయి.

ఈసారి తేడా రెండు శాతమే. ఆ అమ్మాయే లెక్క కట్టింది.