ఇంటర్వెల్ ఉండదు, ముందే చెప్తున్నా

మొదటిసారి గోవా ఇఫీకి (భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి) వెళ్ళినప్పుడు రోజుకి ఐదు సినిమాలు పెట్టుకున్నాను, అంత ఖర్చు పెట్టుకుని వచ్చాక వదులుకోవడం దేనికని. రెండో రోజు సాయంత్రం నాలుగో సినిమాలో పక్కాయన మోచేత్తో పొడిచి లేపాడు, గురక పెడుతున్నానట. అందుకని ముందే చెప్పేస్తున్నా: రోజుకి మూడు చాలు. మరీ ఓపికుంటే నాలుగు, అదీ ఒక్క రోజే.

ఇఫీ 1952లో బొంబాయిలో మొదలై, ఊళ్ళు తిరిగి తిరిగి 2004 నుంచి గోవాలో స్థిరపడింది. మామూలుగా నవంబర్ 20 నుంచి 28 దాకా ఉంటుంది. డెలిగేట్‌గా, అంటే సినిమాలు చూడ్డానికొచ్చే ప్రతినిధిగా, ఆన్‌లైన్లో రిజిస్టర్ చేసుకోవాలి. నవంబర్ అంటే గోవాకి సీజన్ కాబట్టి రూమ్ సంగతి ముందే చూసుకోండి. మనవైపు నుంచి అమరావతి ఎక్స్‌ప్రెస్ విజయవాడ, గుంటూరు, గుంతకల్లు మీదుగా వెళ్తుంది (రోజూ ఉండదు), మడ్గావ్‌లో దిగి పణజికి బస్సెక్కితే సరి.

ఇక అసలు సంగతి, ఏవి చూడాలి? పెద్ద ఫెస్టివల్స్‌లో బెర్లిన్ ఫిబ్రవరిలో, కాన్ మేలో, వెనిస్ ఆగస్టు చివర్లో జరుగుతాయి, ఆ ఏడు అక్కడ పేరొచ్చిన వాటిలో కొన్ని నవంబర్‌కి ఇక్కడికొస్తాయి. అందరూ వాటికే ఎగబడతారు, సీట్లు ఇట్టే అయిపోతాయి. నన్నడిగితే ఆ గొడవలో పడకండి. అలాంటివి చాలావరకు కొన్నాళ్ళకి ఓటీటీలో ఎలాగూ వస్తాయి. జార్జియాదో, సెనెగల్‌దో, పేరు కూడా నోరు తిరగని దర్శకుడి మొదటి సినిమానో ఉంటుంది చూడండి, అది మళ్ళీ మీ కంటపడే అవకాశం తక్కువ. రోజుకి మూడులో రెండు అలాంటివి పెట్టుకోండి. పైగా సినిమా అయ్యాక దర్శకుడు స్టేజి మీదికొస్తే నేరుగా ఓ ప్రశ్న అడగొచ్చు, అది ఓటీటీలో దొరకదు.

షెడ్యూల్‌లో నిడివి, ఏ థియేటరో తప్పకుండా చూడండి. ఐనాక్స్ పణజి, మాకినెజ్ ప్యాలెస్ పక్కపక్కనే. కళా అకాడమీ నదొడ్డునే కానీ ఎండలో నడవాలి, పర్వరి ఐనాక్స్ మాత్రం మాండవి వంతెన దాటి అవతల. ఇలా దూరంగా ఉన్న రెండు చోట్లకీ వెంటవెంటనే బుక్ చేసుకుంటే రెండో దాంట్లో మొదలు పోయినట్టే. బుకింగ్ దొరక్కపోయినా నిరాశపడొద్దు, రష్ లైన్లో నిలబడితే ఖాళీ సీట్లు ఉన్నంతమేర లోపలికి పంపుతారు. నేను చూసిన మంచివాటిలో సగం అలా లైన్లో నిలబడి చూసినవే.

సీటు విషయంలో మొహమాటపడకండి. సబ్‌టైటిల్స్ కింద పడతాయి కాబట్టి ముందు పొడుగాటి మనిషి కూర్చున్నాడంటే వాక్యానికి మొదలూ చివరా కనిపించి నడిమధ్య మాటలు ఆయన తలకాయలో కలిసిపోతాయి. మధ్య వరుసలకి కాస్త వెనగ్గా, నడవ పక్కన కూర్చుంటే మంచిది. సబ్‌టైటిల్ అక్షరమక్షరం చదవక్కర్లేదు, ఒక్క చూపులో లాగేసి మళ్ళీ మొహాల మీదికి రావాలి. మొదటి సినిమాకి కష్టంగా ఉంటుంది, మూడోదానికి చదువుతున్నట్టే తెలీదు.

ఇంటర్వెల్ ఉండదని మర్చిపోకండి. మూడు గంటల సినిమా అయినా ఏకబిగిన నడుస్తుంది. పది నిమిషాల ముందే బాత్రూమ్‌కి వెళ్ళొచ్చి, నీళ్ళు గుక్కెడే తాగండి. ఏసీ దంచుతుంది, ఓ శాలువా ఉండాలి. ఫెస్టివల్ సినిమాలకి సెన్సార్ సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఉంటుంది కాబట్టి కత్తిరింపులు లేకుండా వేస్తారు, అత్తగారినో మావగారినో తీసుకెళ్ళేవాళ్ళు సారాంశం చదివి మరీ తీసుకెళ్ళండి.

సెలవు నవంబర్‌లో దొరక్కపోతే డిసెంబర్‌లో తిరువనంతపురంలో కేరళ వాళ్ళ ఫెస్టివల్ ఉంది, శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అక్కడే దిగొచ్చు. అక్కడి పోటీ విభాగం ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా సినిమాలకే, అందుకే నాకు గోవా కన్నా అదే ఒక పిసరు ఎక్కువ ఇష్టం.

రాత్రి పడుకునే ముందు ఏ సినిమాలో ఏం చూశారో రెండు ముక్కలు రాసుకోండి, పేరుతో సహా. నా పాత నోట్‌బుక్‌లో "మేక, ముసలాయన, వాన, చాలా బాగుంది" అని ఉంది. ఏ సినిమానో ఇప్పటికీ వెతుకుతున్నా.