తీర్పు దొరకడం లేదా? దొరికింది చెల్లడం లేదా?

తెలంగాణ పేరుతో వెతికితే తీర్పులు నాలుగే వస్తున్నాయి

అద్దె ఇంటి కేసుల్లో ఇది రోజూ ఎదురయ్యే చిక్కు. తీర్పులు ఉన్నాయి, కాకపోతే పాత పేరు కింద ఉన్నాయి. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడినప్పుడు పునర్విభజన చట్టం 100వ సెక్షన్ ప్రకారం ఉమ్మడి రాష్ట్ర చట్టాలు అలాగే కొనసాగాయి. పాత చట్టాలను కొత్త రాష్ట్రానికి అన్వయించిన 2016 అడాప్టేషన్ ఉత్తర్వు తర్వాత 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం పేరులో ఆంధ్రప్రదేశ్ పోయి తెలంగాణ వచ్చింది. సెక్షన్ నంబర్లు మాత్రం మారలేదు. కాబట్టి పేరుకన్నా నంబరునే పట్టుకోండి. తీర్పులు వెతికే వెబ్‌సైట్ ఇండియన్ కానూన్‌లో ‘విల్‌ఫుల్ డిఫాల్ట్’ (కావాలని అద్దె ఎగ్గొట్టడం) అనే మాటను ఇంగ్లిష్‌లో, డబుల్ కోట్స్ మధ్య టైప్ చేసి, పక్కన ఇల్లు ఖాళీ చేయించే సెక్షన్ 10 వేయండి. ఒకసారి ఆంధ్రప్రదేశ్ పేరుతో, ఇంకోసారి తెలంగాణ పేరుతో వెతకండి.

అంతకన్నా ముందు అదే చట్టంలో 32(సి) చదవండి. మునిసిపల్ కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె రూ.3,500 దాటితే ఈ చట్టం వర్తించదు. హైదరాబాద్‌లో ఇప్పుడు ఆ లోపు అద్దెలు ఎన్ని ఉంటాయి? చాలా కేసుల్లో మీరు వెతకాల్సింది అద్దె ఒప్పందాన్ని ముగించడానికి ఇచ్చే ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ నోటీసు మీద వచ్చిన తీర్పులే. ఇది చూడకుండా వారం రోజులు తప్పు చట్టంలో తవ్వేవాళ్లు ఉన్నారు.

భూమి కేసుల్లో పేర్లు మూడు. 1950 కౌలుదారీ చట్టం మొదట ‘హైదరాబాద్’ పేరుతో వచ్చింది, తర్వాత ‘ఆంధ్రప్రదేశ్ తెలంగాణ ప్రాంతం’ అయింది, ఇప్పుడు ‘తెలంగాణ’. రక్షిత కౌలుదారు హక్కు గురించైతే ఆ చట్టంలోని సెక్షన్ ‘38-ఇ’ అని కొట్టండి, మూడు కాలాల తీర్పులూ బయటపడతాయి.

482 అని వెతికితే ఒకచోట కేసు కొట్టివేత, ఇంకోచోట ముందస్తు బెయిలు

రెండూ సరైనవే. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో 482 హైకోర్టు స్వతఃసిద్ధ అధికారం, కేసులు కొట్టేసేది దీని కిందే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 528. కొత్త సంహితలో 482 అంటే ముందస్తు బెయిలు, అంటే పాత 438. అందుకే నంబరు ఒక్కటే వేయకండి, చట్టం పేరు కూడా వేయండి. ముందుగా నేరం జరిగిన తేదీ రాసిపెట్టుకోండి. 2024 జూలై 1కి ముందు జరిగిన మోసానికి ఐపీసీ 420, ఆ తర్వాతి దానికి భారతీయ న్యాయ సంహిత 318(4). పాత తీర్పులు కావాలంటే పాత నంబరుతోనే వెతకాలి.

పుస్తకంలో సెక్షన్ ఉంది, అమల్లో లేదంటున్నారు

చట్టం ఆమోదం పొందిన రోజే అమల్లోకి రానక్కర్లేదు. న్యాయ సంహితను 2024 జూలై 1 నుంచి అమలు చేస్తూ ఇచ్చిన నోటిఫికేషన్ 106(2)ను పక్కన పెట్టింది. ప్రమాదం చేసి పారిపోయే డ్రైవర్ల గురించిన ఉపసెక్షన్ అది. బేర్ యాక్ట్‌లో (వ్యాఖ్యానం లేకుండా చట్టం పాఠం మాత్రమే ఉండే పుస్తకంలో) మాత్రం అచ్చయి కనిపిస్తుంది. ప్రతి చట్టంలో 1వ సెక్షన్ చదివి, అమలు తేదీ గెజిట్‌లో చూడండి. కోఠిలో కొన్న సెకండ్‌హ్యాండ్ బేర్ యాక్ట్ అయితే ఎడిషన్ ఏడాది చూసి, సవరణలను ప్రభుత్వ చట్టాల వెబ్‌సైట్ ఇండియా కోడ్‌తో పోల్చుకోండి.

తీర్పు చూపించాం, ‘ఇది ఇక్కడ చెల్లదు’ అన్నారు

ముందు తేదీ, కోర్టు పేరు చూడండి. 2019 జనవరి 1న హైకోర్టులు విడిపోయాయి. అప్పటి నుంచి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన తీర్పు తెలంగాణలో ఒప్పించడానికి పనికొస్తుంది తప్ప, కట్టుబడాల్సిన అవసరం లేదు. తర్వాత ధర్మాసనం ఎంతమందిదో లెక్కపెట్టండి. సింగిల్ జడ్జి చెప్పింది డివిజన్ బెంచ్ (ఇద్దరు జడ్జీల ధర్మాసనం) తీర్పు ముందు నిలవదు. ఇంకో పొరపాటు, హెడ్‌నోట్‌ను కాపీ చేయడం. అది సంపాదకుడు రాసిన సారాంశమే, తీర్పులో భాగం కాదు. అసలు పేరా చదివి, దాని నంబరుతో ఉదహరించండి. చివరగా ఇండియన్ కానూన్‌లో ఆ తీర్పును తర్వాత ఉదహరించిన వాటి జాబితా తెరిచి, కొత్తవాటి నుంచి పాతవాటికి చదువుతూ వెళ్లండి. తీర్పును ఎవరైనా కొట్టేసి ఉంటే సాధారణంగా అక్కడే తెలుస్తుంది.

సైటేషన్ వేస్తే ఏమీ రావడం లేదు

సైటేషన్ అంటే తీర్పు అచ్చయిన న్యాయ పత్రిక పేరు, ఏడాది, పేజీ నంబరు. ఒకే తీర్పుకు ఆ పత్రికను బట్టి (ఏఐఆర్, ఎస్‌సీసీ లాంటివి) వేర్వేరు నంబర్లుంటాయి. కేశవానంద భారతి కేసు ఏఐఆర్ 1973 ఎస్‌సీ 1461, అదే (1973) 4 ఎస్‌సీసీ 225 కూడా. పార్టీల పేర్లు, తేదీతో వెతకండి. సుప్రీంకోర్టు తీర్పులైతే ఆ కోర్టు ఆన్‌లైన్ తీర్పుల సంపుటి ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితంగా దొరుకుతాయి. జిల్లా కోర్టు ఉత్తర్వు కావాలంటే ప్రతి కేసుకూ ఇచ్చే 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరుతో కోర్టుల వెబ్‌సైట్ ఈకోర్ట్స్‌లో చూడండి. దాఖలు చేయడానికి మాత్రం ఆ ప్రింటవుట్ సరిపోదు, కోర్టులో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకోవాలి.